కట్టడాలు ఏల నిలుచును? – ఒక గ్రంథ పరిశీలన

వాస్తుశిల్ప విద్యలో చేరగోరే ఇంటర్మీడియట్ విద్యార్థిని ప్రవేశపరీక్షలు గణితమూ, చిత్రలేఖనమూ అడుగుతాయి. ఈ రెంటికీ గల పొత్తును తెలియజెప్పే పుస్తకాలు అరుదు. మేరియో సాల్వడోరీ ఇంగ్లీషులో రచించిన ‘వై బిల్డింగ్స్ స్టాండ్ అప్’ (1980) అట్టి అరుదైన గ్రంథం. కొలంబియా విశ్వవిద్యాలయంలో బోధించిన ఈ ఆచార్యుడు, సమీకరణాల భారం లేకుండానే, పిరమిడ్లు మొదలు ఐఫెల్ గోపురం దాకా కట్టడాలలో లాగుడు, ఒత్తిడి ఎట్లు పనిచేస్తున్నవో నచ్చజెప్పినాడు.

ఈ జ్ఞానం ఎంత అవసరమో చూడండి. కాంక్రీటు ఒత్తిడికి బాగా ఓర్చుకొంటుంది. లాగుడుకు దాని ఓర్పు సుమారు పదోవంతే. రెండు గోడలపై ఆనిన దూలం బరువుకు వంగితే అడుగుభాగం సాగుతుంది. కనుక ముఖ్యమైన ఉక్కు కడ్డీలు అడుగున వేస్తారు. గోడనుంచి ముందుకు చొచ్చిన సన్‌షేడులో సాగేది పైభాగం. అక్కడ కడ్డీలు పైన ఉండాలి. పొరపాటున అడుగున వేస్తే అది విరిగి మనుషులపై పడవచ్చు. యంగ్ గుణకాన్ని చక్కగా లెక్కకట్టే నా విద్యార్థులలో పలువురు ఈ తేడాకు కారణం చెప్పలేకపోయారు. తప్పు వారిది కాదు, మా బోధనది.

గ్రంథంలో కొరతలు లేకపోలేదు. ఉదాహరణలు అధికభాగం పాశ్చాత్య దేశాలవి. ఇంట్లో మనిషికి కావలసిన నీడ, గాలి, చల్లదనం దీని పరిధిలోనివి కావు. అవి లేనిదే వాస్తుశిల్పం పూర్తికాదు. అయినా నిలువని ఇంటికి అందమెందుకు? గోల్కొండ కమానులనూ, మన డాబా ఇండ్లనూ ఉదాహరణలుగా గొని, ఇట్టి పుస్తకం తెలుగులో వ్రాయడం మనవంటి అధ్యాపకుల బాధ్యత.