టీవీ వెనక దీపం

ప్రింటు బాగోలేదట! మొన్న పిన్ని వాళ్లింట్లో కొత్త టీవీలో ‘మాయాబజార్’ నడుస్తుంటే బాబాయి తేల్చేసిన మాట అది. నెత్తిమీద రెండు ట్యూబులైట్లు, టీవీ ‘వివిడ్’ మోడ్‌లో. 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ అంత ఓపికగా పేర్చిన నీడలన్నీ వెలిసిపోయాయి. సావిత్రి చెంప సున్నం కొట్టిన గోడలా ఉంది. ప్రాణం ఉసూరుమంది.

నా పాత పాట ఈ కాలమ్ చదివేవారికి కంఠతా వచ్చు: ముందు లైటు తియ్యండి. వెలుగు ఇవ్వకుండా ఊరుకోవడమే టీవీకి నలుపు. గదిలో లైటు తెరమీద పడిందా, ఆ నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. అప్పుడు రిమోట్ తీసి ‘బ్రైట్‌నెస్’ పెంచుతారు. చాలా టీవీల్లో తెర వెలుగు పెంచేది ‘బ్యాక్‌లైట్’. ‘బ్రైట్‌నెస్’ పెంచితే ఉన్న కాస్త నలుపూ తేలిపోతుంది.

మా ఊరి టూరింగ్ టాకీసులో పొద్దుగూకితే గానీ ఆట మొదలయ్యేది కాదు. డేరా సందుల్లోంచి వెలుతురు పడితే బొమ్మ కనపడదు మరి. నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ వంక చూసేవాణ్ణి. లోపల రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా మండుతుంటాయి. మండేకొద్దీ అరుగుతాయి, మధ్య ఎడం పెరుగుతుంది. ఆపరేటర్ నల్లద్దంలోంచి ఆ మంటను కనిపెడుతూ, మర తిప్పి వాటిని దగ్గరికి జరపాలి. ఆయన బీడీ ముట్టించుకునేలోపు బొమ్మ పచ్చబడి, అంచులు మసకబారేవి. నేల టికెట్టు జనం ఒకటే ఈలలు! వాళ్లలో ఎవరికీ ఫొటోగ్రఫీ తెలియదు, వెలుగు తగ్గిన సంగతి మాత్రం ప్రతివాడికీ తెలిసేది. ఆపరేటర్ చెయ్యి పడగానే రామారావు మొహం మళ్లీ తేటపడేది.

ఇవాళ్టి డిజిటల్ థియేటర్లో తెరమీద తెలుపుకు ప్రమాణం 48 నిట్లు; నిట్ అంటే తెర వెలుగుకు కొలమానం. షోరూముల్లో టీవీలు వందల నిట్లు చిమ్ముతాయి. చీకట్లో ఆ 48 చాలు. అలాగని ఇంట్లోనూ చిమ్మచీకటి చెయ్యమంటానా? వద్దు. టీవీ కోసం రంగులు దిద్దే కలరిస్టులే కటిక చీకట్లో కూర్చోరు. మానిటర్ వెనక గోడమీద 6500 కెల్విన్ తెల్లదీపం మసగ్గా వెలిగించుకుంటారు. బొత్తిగా చీకటైతే ఎల్‌సీడీ తెర నలుపులోని బూడిద బయటపడుతుంది, కళ్లు లాగుతాయి. వెనక గోడ కాస్త వెలిగితే అదే నలుపు చిక్కగా కనిపిస్తుంది.

కాబట్టి ట్యూబులైట్లు ఆర్పండి. ‘కూల్ డేలైట్’ అని, 6500కె అని రాసున్న చిన్న ఎల్‌ఈడీ బల్బు టీవీ వెనక, నేరుగా కంట పడకుండా పెట్టండి. ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి. మొదట కాస్త డల్‌గా అనిపిస్తుంది, ఓర్చుకోండి. కన్ను అలవాటు పడేదాకా రిమోట్ ముట్టుకోకండి.