పోలీసులు వెళ్లిపోయాక

హత్యో ఆత్మహత్యో జరిగిన ఇంట్లో పోలీసులు పంచనామా రాసుకుని, శవాన్ని పోస్టుమార్టానికి పంపి వెళ్లిపోతారు. నేలమీద నెత్తురు అలాగే ఉంటుంది. దాన్ని కడగడం ఎవరి బాధ్యతో శవ పంచనామాకు సంబంధించిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194వ సెక్షన్‌లో లేదు. చుట్టాల్లో గుండె దిటవున్నవారెవరో పూనుకోవాలి, లేదా బస్తీ నుంచి ఒకరిని పిలిపించి, ఎంతో కొంత చేతిలో పెట్టి, బకెట్టూ చీపురూ ఫినాయిలూ చూపించాలి. ఆ మనిషి చేసేది నేర్చుకుని చేయాల్సిన వృత్తి అని ప్రభుత్వం గుర్తించి తీరాలి.

పనినే దగ్గరగా చూడండి. ఎండిన నెత్తుటిని చీపురుతో గీకితే ఆ పొడి లేచి ముక్కులోకి పోతుంది. వేడినీళ్లు పోస్తే మరక ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పాతబట్టలు పరిచి, అవి నానేలా బ్లీచింగ్ నీళ్లు పోసి, పది నిమిషాలైనా ఆగి, అంచుల నుంచి మధ్యకు తుడుచుకు రావాలి. మరక మొండికేసిందని అందులోనే బాత్రూం యాసిడ్ ఒంపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది. పరుపుమీద అరచేయంత కనిపించేది లోపల దూదిలో ఎంతో దూరం పాకి ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తుటిలోనూ కనీసం 7 రోజులు బతుకుతుంది. ఆసుపత్రి వ్యర్థాలు ఎత్తేవారికి దానికి టీకా వేయించాలని 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇంటికి పిలిపించుకున్న మనిషికి ఆ రక్షణ లేదు.

‘వాళ్లకు అలవాటేలెండి’ అనేవారున్నారు. శిక్షణ పొందినవారికే అలవాటు కాలేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా దగ్గర, విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. అక్కడ సహాయక చర్యల్లో పనిచేసిన ఒక జవానుకు నీళ్లు చూసినా నెత్తురులా కనిపిస్తోందని, మరొకరికి ఆకలే వేయడం లేదని జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) అప్పటి అధిపతి అతుల్ కర్వాల్ బాహాటంగానే చెప్పారు. తిరిగొచ్చిన జవాన్లకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేశారు. ఆ ప్రమాద మృతదేహాలు ఉంచిన బడిలోకి, శుభ్రం చేశాక కూడా పిల్లలు అడుగుపెట్టడానికి భయపడితే ఆ భవనాన్నే కూల్చారు. పిల్లల భయాన్ని అంతగా మన్నించిన మనం, గదులు కడిగేవారి మనసు గురించి అడగనైనా అడగం. మార్చురీల్లో, రైలు పట్టాల మీద శవాలెత్తేవారు తాగితేగానీ ఈ పని చేయలేమంటారు. మనం అలవాటు అంటున్నది ఆ తాగుడునే.

ఇంతకంటే బరువైన అభ్యంతరం, వృత్తి అని పేరు పెడితే ఇప్పుడు చేస్తున్న కులాలకే దాన్ని శాశ్వతంగా కట్టబెట్టినట్టవుతుందని. ఇది ఉత్తి భయం కాదు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చాక కూడా ఆ కులాలవారు మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. అయితే పేరు లేకుండా కూడా ఈ పని వాళ్ల మీదే పడుతోంది, జీతం, టీకా లేకుండా, చేయనని చెప్పే వీలు లేకుండా. శిక్షణ, గౌరవప్రదమైన జీతం ఉంటే 108 అంబులెన్సు ఉద్యోగాలకు వచ్చినట్టే దీనికీ నలుగురూ వస్తారు. డబ్బెక్కడిదంటే, నేర బాధితుల పరిహార పథకాలు రాష్ట్రాల్లో ఉన్నాయి, శుభ్రపరిచే ఖర్చును వాటిలో చేర్చవచ్చు. ఆత్మహత్య జరిగిన ఇళ్లకు ఆ దారి లేదు కాబట్టి అక్కడ మున్సిపాలిటీయే మనిషిని పంపాలి, ఇంటివాళ్ల దగ్గర రూపాయి అడక్కుండా.