గడ్డిపరక నేర్పినది, గొంగళిపురుగు నేర్పినది

ఆత్మాభివృద్ధిని గూర్చిన గ్రంథములకు మన భాషలో నేడు కొఱత లేదు. తెల్లవాఱుజామున లేవవలెననియు, మితముగ భుజింపవలెననియు, మనస్సును నిలుపవలెననియు బోధించు పుస్తకములు అంగళ్లనిండ నున్నవి. వీనిలో పెక్కింటికి మట్టితో సంబంధము లేదు. మట్టిని, విత్తనమును, పురుగును, వానను ఓర్పుతో పరిశీలించిన మనుష్యుడు తానును మాఱునని చెప్పు గ్రంథము చేతికి వచ్చినపుడు దానిని శ్రద్ధతో చదువుట మన విధి. శ్రద్ధతో విమర్శించుటయు విధియే. అట్టి గ్రంథము జపాను దేశీయుడగు మసనోబు ఫుకువోకా రచన. అది 1975లో జపాను భాషలోను, 1978లో ఇంగ్లీషులోను వెలువడి, పిదప 'గడ్డి పరకతో విప్లవం' అను పేర తెలుగులోనికి వచ్చినది. సాగును, ఆత్మసంస్కారమును ఒక్కటిగ తలచు మన యువకులలో దీనిని చదువని వారరుదు.

ఫుకువోకా (1913–2008) మొదట యొకోహామా రేవులో మొక్కల తెగుళ్లను పరీక్షించు ఉద్యోగి. 25వ యేట జబ్బుపడి కోలుకొనిన పిమ్మట మానవుని జ్ఞానమంతయు వట్టిదని ఆయనకు తోచెను. ఉద్యోగమును విడిచి, షికోకు ద్వీపములోని తండ్రిగారి ఊరికి మరలెను. దున్నక, రసాయనపుటెరువు వేయక, మందులు చల్లక, పంటకాలమంతయు నీరు నిలువగట్టక వరిని పండించు మార్గమును ఏండ్లతరబడి వెదకెను. కోసిన గడ్డిని మరల ఆ పొలముననే పఱచుట, పైరునడుమ క్లోవరు మొక్కను పెంచుట, ఒక పైరు కోయకమునుపే మఱొకదాని విత్తనమును చల్లుట ఆయన పద్ధతిలో ముఖ్యములు. నేలనుండి తీసికొనినదానిని నేలకే మరల నిచ్చి, దాని సత్తువను ఏటేట పెంచుటయే వీని యంతరార్థము. దీనినే ఇప్పుడు పునరుజ్జీవన వ్యవసాయమనుచున్నారు.

గ్రంథములోని ఉత్తమభాగము, మా అభిప్రాయమున, పద్ధతిని వర్ణించినది కాదు, పరాజయము నొప్పుకొనినది. ప్రకృతికి వదలినచో అన్నియు చక్కబడునని నమ్మి ఆయన తండ్రిగారి కమలాతోటలో కొమ్మలు కత్తిరించుట మానెను. కొమ్మలు చిక్కుపడెను, పురుగు పట్టెను, చెట్లు చచ్చెను. మనుష్యుని చేయి ఒకసారి సోకి మాఱిన చెట్టును ఉన్నట్లుండి వదలిపెట్టుట ప్రకృతిమార్గము కాదనియు, అది నిర్లక్ష్యమే యనియు ఆయన అప్పుడు గ్రహించెను. గురువనిపించుకొనినవాడు తన తప్పును ఇంత విప్పి చెప్పుట అరుదు. ఏమియు చేయకుండుటే సిద్ధాంతమని ఈ గ్రంథమును పొగడువారు ఈ ఘట్టమును చదివియు చదువనివారే.

మేమును అట్టివారమే. తొలిపఠనపు టుత్సాహమున మా పెరటిలోని నిమ్మచెట్లను పట్టించుకొనుట మానితిమి. రెండేండ్లలో రెండు చెట్లెండిపోయెను. మాకు కలిగిన నష్టము పచ్చడిజాడీలో కొంత వెలితి మాత్రమే. ఆ వెలితికి ప్రతిగ కొంత వినయమును సంపాదించితిమని లోలోన సంతోషించితిమి గూడ.

ఇచ్చటనే మా ఆక్షేపణ మొదలగుచున్నది. ప్రాణముగలదానిని చదువువాడు పొరపడకుండ నేర్వలేడు. పొరపాటే ఆ చదువునకు జీతము. ఆ జీతము నెవరు చెల్లించుచున్నారు? ఫుకువోకా విషయమున తండ్రితోట చెల్లించెను. మా విషయమున పచ్చడిజాడీ చెల్లించెను. మానుకోటసీమలో భూమిని కౌలుకు తీసికొని, అప్పు తెచ్చి మిరపయో ప్రత్తియో వేసిన రైతు విషయమున చెల్లించున దెవరు? 1997-98లో లద్దెపురుగు ప్రత్తిని తినివేసినపుడు ఓరుగల్లు జిల్లా రైతు లనేకులు, పురుగునకు పనిచేయని ఆ మందునే తాము త్రాగి ప్రాణములు విడిచిరి. అట్టివానితో 'ఓర్పుతో పరిశీలింపుము, పొరపాటునుండి నేర్చుకొనుము' అనుట ఉపదేశమగునా, పరిహాసమగునా? తప్పుచేయుటకు తగిన వ్యవధి, దానిని తట్టుకొను ఆస్తి ఉన్నవానికే ఆత్మాభివృద్ధి లభించునెడల అది వికాసము కాదు, విలాసము. ఫుకువోకా తన తప్పును చెప్పెను గాని, ఆ తప్పు చేయుటకు తనకు గల భాగ్యమును గూర్చి ఆలోచింపలేదు. ఇది గ్రంథములోని లోపము.

ఈ లోపమును పూరించు పాఠమొకటి మన జనగామ జిల్లాలోనే కలదు. లింగాల ఘనపురము మండలములో ఏనబావి యను చిన్న పల్లె యున్నది. సుమారు 50 కుటుంబములు, 280 ఎకరముల సాగుభూమి. అచ్చటి చదువు గ్రంథముతో మొదలు కాలేదు, ఎఱ్ఱ గొంగళిపురుగుతో మొదలైనది. ఈ పురుగు ఆముదము మొదలగు మెట్టపైరులకు పరమశత్రువు. దీని కోశములు ఎండకాలమంతయు మట్టిలో నిద్రించును. తొలకరి వాన బాగుగ కురిసినంతనే రెక్కలపురుగులు బయటికి వచ్చి గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు ఎదిగి ఒంటినిండ నూగు పెరిగిన తరువాత మందు వానికి సరిగ తగులదు. ఒక చేనిని తినివేసి, దండు కదలినట్లు ప్రక్కచేనికి నడచిపోవును.

దీనికి విరుగుడు సులభము. తొలివాన కురిసిన రాత్రులందు చేలలో మంటలు వేసినచో రెక్కలపురుగులు వెలుగునకు వచ్చి పడి మాడిపోవును. మిగిలిన పురుగులు నడచివచ్చు దారిలో కాలువ త్రవ్వి, జిల్లేడుకొమ్మలు పఱచి, అచ్చట చేరినవానిని చంపవచ్చును. ఖర్చు స్వల్పమే గాని చిక్కొకటి కలదు. ఒక్కడు మంటవేసినచో ప్రయోజనము లేదు. అతని చేనిలోని పురుగు చచ్చినను పొరుగువాని చేనిలోనిది వచ్చును. ఊరంతయు ఒకే రాత్రి మేల్కొనవలెను. జనగామలోని క్రాప్స్ అను స్వచ్ఛందసంస్థ 1990 దశకమున ఏనబావి రైతులకు తోడ్పడినది ఈ పనిలోనే. పురుగు పుట్టుకను తెలిసికొనుట మొదటి పాఠము. పొరుగువానితో మాటలాడుట రెండవ పాఠము. మొదటిది ఏ పుస్తకమైనను నేర్పును, రెండవది పురుగు నేర్పినది.

ఆ మంటల వెలుగున మొదలైన చదువు ఏటేట సాగినది. పురుగుమందులు పోయి వేపగింజల కషాయము వచ్చెను. రసాయనపుటెరువులు పోయి పెంటయెరువు, వానపాముల ఎరువు, చెఱువుమట్టి వచ్చెను. 2006లో ఊరంతయు రసాయనములను విడిచినట్లు ప్రకటించుకొనెను. ఊరంతయు అనుమాటను పాఠకులు గమనింతురుగాక. ఒక్కడు మానినచో దిగుబడి తగ్గినవాడు వెఱ్ఱివాడనిపించుకొనును. అందఱు మానినచో తగ్గుదల అందఱి అనుభవమై, దాని కారణము అందఱి చర్చయగును. పొరపాటు భారము పంచబడినది గావుననే అచ్చట బీదవానికిని నేర్చుకొను తీఱిక చిక్కినది.

ఇది ఏనబావి క్రొత్తగ కనిపెట్టినది కాదు. మన చెఱువులు నిలిచినది ఈ న్యాయము మీదనే. మహబూబాబాదు జిల్లా బయ్యారములో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తిసముద్రమను చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమమును చరిత్రకారులు తెలిసికొనినది చాలవఱకు ఆ చెఱువుగట్టు శాసనమువలననే. భూపాలపల్లి జిల్లాలో గణపురము ప్రక్కన గణపసముద్రమున్నది. వాన చాలని యేట ఆయకట్టులో కొంతభాగమునకే నీరిచ్చి, ఆ భాగమునే రైతులు పంచుకొని సాగుచేయు ఏర్పాటును తెలంగాణమున తైబందీ యందురు. కరవును కొందఱిపై పడవేయక పంచుకొను పద్ధతి యిది. అడుగున చేరిన ఒండ్రును త్రవ్వి పొలముల కెత్తినచో చెఱువు లోతగును, చేను బలమగును. 2015లో మిషన్ కాకతీయ మొదలైనపుడు రైతులు సొంతఖర్చుతో ఆ మట్టిని తోలుకొనుట మనమందఱ మెఱిగినదే. అదే గణపురము మండలమున చెల్పూరు విద్యుత్కేంద్రమున్నది. భూపాలపల్లి గనులలో సింగరేణి బొగ్గు త్రవ్వుచున్నది. బొగ్గు త్రవ్వినకొలది తఱుగును, చెఱువు త్రవ్వినకొలది నిండును. జీవవ్యవస్థ యనగానేమో యడుగు బాలునకు ఈ రెండు గుంతలను చూపిన చాలును.

అయినను పూర్వమంతయు స్వర్గమని మేము చెప్పుట లేదు. చెఱువునీటిని న్యాయముగ పంచిన నీరడి, పెక్కుచోట్ల కులమును బట్టి ఊరి వెలుపలనే బ్రతుకవలసి వచ్చినది. ఆయకట్టులో సెంటుభూమి లేనివానికి తైబందీ వలన ఒఱగినదేమి? ఈ జనగామసీమ వెట్టిచాకిరికి పేరుపడిన సీమ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱగినది ఇచ్చటనే. ప్రకృతి మనకు పరస్పరాశ్రయమును నేర్పును గాని న్యాయమును నేర్పదు. గొంగళిపురుగును చూచి ఊరు ఏకము కావలెనని తెలిసికొనవచ్చును. ఆ యేకమైన ఊరిలో ఎవరికెంత భాగమన్నది మనుష్యులు తమలో తాము తేల్చుకొనవలసినదే. జీవవ్యవస్థల అధ్యయనమును సంపూర్ణ ధర్మశాస్త్రముగ భావించు నేటి మిత్రులకు ఇది మా మనవి.

కాబట్టి ఫుకువోకా గ్రంథమును చదువవద్దందుమా? చదువవలసినదే. కాని ఒంటరిగ చదివి, మనస్సు నిర్మలమైనదని తృప్తిపడి, పుస్తకమును బీరువాలో నుంచుట చాలదు. రచ్చబండవద్ద, కౌలురైతును, కలుపుతీయు స్త్రీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువవలెను. వారు వేయు ప్రశ్నలే ఆ గ్రంథమునకు తగిన వ్యాఖ్యానము. తాను వికసించితినని తలచువాడు రెండు ప్రశ్నలను తన్ను తానడుగవలెను: నా పొరపాటును ఎవరు భరించిరి? పరుల పొరపాటును నేనెంత భరించితిని? రెండవదానికి ఉత్తరమున్ననాడే మొదటి చదువు ఫలించినట్లు.

ఇంకొక కోరిక గలదు. షికోకు కొండమీది ఒంటరిరైతు చరిత్ర మన భాషలోనికి వచ్చినది. తొలకరి రాత్రి ఊరంతయు మేల్కొని వేసిన మంటల చరిత్రను, ఆ మంటలు వేసినవారి నోట విని, తేటతెలుగున సమగ్రముగ వ్రాయువారు మన జిల్లాలలోనుండి రావలెను. ఆ రెండు గ్రంథములు ప్రక్కప్రక్కన నున్ననాడు గడ్డిపరక పాఠము మనకు పూర్తియగును.