‘బల్య’ శబ్దము - దాని యాంగ్లానువాదములు

ఐరిషుభాషయందు నిత్యవ్యవహారమున నున్న మాటలలో ‘బల్య’ యనునది యొకటి. ఐర్లండు దేశపటమును ముందిడుకొన్నవారికి ‘బాలి’ యని మొదలగు నూళ్ళపేళ్ళు వేలకొలఁదిగాఁ గానవచ్చును. అందుఁ బెక్కింటియందలి ‘బాలి’ యీ ‘బల్య’యే. నిఘంటువులు చూచినచో దీనికి స్థలము, ఇల్లు, పల్లె, పట్టణము అను నర్థములు గనఁబడును. ఇన్ని యర్థములొక్క మాటకెట్లు పొసఁగెను? ఆంగ్లానువాదకులు దీని నెట్లు నిర్వహించిరి? అను ప్రశ్నలు రెండును భాషాంతరీకరణము చేయువారందఱును విచారింపఁదగినవి.

మొదట వ్యవహారమును జూతము. ఒకఁడు ‘సా వల్య’ నున్నాఁడనఁగా నింటనున్నాఁడని యర్థము. ‘అవల్య’ పోవుచున్నాఁడనఁగా నింటికిఁ బోవుచున్నాఁడని యర్థము. ‘అస్ బల్య’ యనఁగా నింటఁగాని యూరఁగాని లేఁడనుట. ఇచ్చటఁ గొన్నియెడల బకారము వకారమగుటను జూచి మన పండితులు వెఱఁగుపడనక్కఱలేదు. తెలుఁగునఁ బ్రథమకుఁ బరమైన పరుషములకు గసడదవాదేశము వచ్చినట్లే, ఐరిషున నుపసర్గాదులకుఁ బరమైన హల్లులు కొన్ని మెత్తఁబడును. మనకుఁ బకారము వకారమగును. వారికి బకారము వకారమగును. కావున ‘బల్య’, ‘వల్య’ యను రెండును నొక్క పదమే.

ఇఁక సమాసములు. ‘మోర్’ అనఁగాఁ బెద్ద. ‘బల్య మోర్’ అనఁగాఁ బట్టణము. వీథివాచకమైన పదము ముందుఁ జేరిన ‘స్రాద్వల్య’ గ్రామము. భూవాచకము వెనుకఁ జేరిన ‘బల్య ఫ్యారిన్’ యనునది యెల్లలు గల యొక చిన్న భూభాగము. పట్టణమని చెప్పుటకుఁ ‘బెద్ద’ యను విశేషణము కావలసివచ్చుటచేతనే, కేవలమైన ‘బల్య’కుఁ బట్టణత్వము సహజము కాదని తేలుచున్నది. అయినను రాజధానియగు డబ్లిను నగరమునకు ఐరిషుపేరు ‘బల్య ఆహ క్లియ’. అనఁగాఁ దడికెలు పఱచిన రేవునొద్ది బల్య. ఒంటియిల్లు మొదలుకొని రాజధానివఱకు నీ శబ్దము వ్యాపించినది.

ఈ వ్యాప్తికిఁ గారణము చరిత్రయందుఁ గలదు. ప్రాచీనైరిషున దీనికి స్థలమని మాత్రమే యర్థము. పండ్రెండవ శతాబ్దపు భూదానపత్రములలో నిది యొక కుటుంబముయొక్కయో, వంశముయొక్కయో పట్టుభూమిని దెలుపుచున్నది. ఆ భూమిపై నిల్లు లేచును, ఇండ్లు గుంపుగూడును, గుంపు పల్లెయగును, పల్లె పట్టణమగును. వస్తువు పెరిగినకొలఁది మాటయుఁ బెరిగినది. కాని తొలియర్థమును విడువలేదు.

ఆంగ్లానువాదమున నీ పదము మూఁడుగాఁ జీలినది. సంభాషణములందు ‘హోము’, ఊళ్ళపేళ్ళ యర్థము చెప్పునెడ ‘టౌను’, పటములందు ‘బాలి’. వీనిలోఁ ‘టౌను’ అను దానిని దప్పని త్రోసివేయుట న్యాయముగాదు. ప్రాచీనాంగ్లమున నా పదమునకు సైతము ఆవరణము, ఇంటిపట్టు అనునవియే యర్థములు. తొలుత నవి రెండును దగిన జోడు. తరువాత నాంగ్లపదము పట్టణమాత్రమునకుఁ గట్టువడెను. ఐరిషుపదము పాతయర్థమును గూడ నిలుపుకొనెను. దీనికి సాక్ష్యము ఐర్లండునందలి యాంగ్లముననే కలదు. ఆ దేశమున నఱువదివేలకుఁ బైఁబడిన చిన్న భూభాగములను నేఁటికిని ‘టౌన్లాండు’ లందురు. పెక్కింటఁ బట్టణచ్ఛాయ యైనను లేదు. అనువాదము పుట్టుకతోఁ దప్పుగాక, కాలముచేతఁ దప్పగుట కిది మంచి యుదాహరణము.

‘బాలి’ విషయము వేఱు. ఇది యనువాదము గాదు, ధ్వనిని బట్టిన వ్రాఁత. 1824లో థామస్ కోల్బీ యధికారమున మొదలై, మైలునకాఱంగుళముల మానమునఁ బటములు వ్రాసిన సర్వేశాఖవారే యీ పని చేసిరని కొందఱు తలఁతురు. కాని యీ వ్రాఁత యంతకు మున్నే పత్రములకెక్కినది. సర్వేయందుఁ జేరిన పండితుఁడు జాన్ ఒడొనొవన్ పాత వ్రాఁతలను బోల్చి, స్థానికవృద్ధుల నడిగి, మూలరూపములను నిర్ణయించి పుస్తకములయందుఁ బొందుపఱచెను. పటములందు మాత్ర మాంగ్లపు వ్రాఁతయే నిలిచెను. అందుచేత నొక చిక్కు మిగిలినది. ‘బాలినా’, ‘బాలిషానన్’, ‘బాలినస్లో’ యనుపేళ్ళలో ‘బల్య’ లేనేలేదు. వాని మొదలు ‘బేల్’, ‘ఆహ’ యను పదములు, అనఁగా రేవుముఖము. ‘బాలిమీనా’యందు మాత్రము ‘బల్య’ కలదు; నడిమియూరని దాని యర్థము. వ్రాఁత యొక్కటియగుటచేత రేవును నూరును నేకమైపోయినవి.

బ్రయన్ ఫ్రీల్ రచించి, 1980లో డెరీ పట్టణమునఁ దొలుతఁ బ్రదర్శింపఁబడిన ‘ట్రాన్‌స్లేషన్స్’ నాటకమున కిదియే వస్తువు. కథాస్థానము ‘బల్య బ్యగ్’, చిన్నయూరు. పటమున నది ‘బాలిబెగ్’ అగును. సర్వేవారు పేళ్ళను దఱచుగా ననువదింపలేదనియు, నాంగ్లలిపిలో వ్రాసిరనియుఁ జరిత్రజ్ఞుఁడు జె. హెచ్. ఆండ్రూసు మొదలగువారాక్షేపించిరి. ఆ యాక్షేపము చరిత్రవిషయమున సమంజసమే. అయినను నాటకముయొక్క హృదయమున కది భంగము గాదని మా యభిప్రాయము. ఏలయన, ‘బాలిబెగ్’ అనునదియు ననువాదము గాదు. ధ్వని నిలిచి యర్థము తొలఁగిన రూపమే. ‘అవల్య’ పోవుచున్నానన్నవానికిఁ దన యూరిపేరిలోఁ దన యిల్లు వినఁబడును. ‘హోము’నకుఁ బోవుచున్నానన్నవానికి ‘బాలిబెగ్’లో నేమియు వినఁబడదు. నష్టమచ్చటనున్నది.

ఆంగ్లముద్వారమున ఐరిషుకృతులను దెనిఁగించువారికి నిందొక హెచ్చరిక గలదు. ‘టౌను’ గనఁబడినచోటనెల్లఁ బట్టణమని వ్రాసినచో మూలము రెండుమార్లు చెడును. మనకు ‘ఊరు’ కలదు. ‘ఊరికిఁ బోయినాఁడు’, ‘ఊర లేఁడు’, ‘మాయూరు’ అనునప్పు డా మాట కొలఁతను గాక మమతను దెలుపును. నెల్లూరు, ఏలూరు అనుపేళ్ళ చివర నది తెలుఁగుచెవికి నేఁటికిని వినఁబడుచునే యున్నది. అయినను ‘ఊరు’ సంపూర్ణమైన జోడు గాదు. ‘ఇంటనున్నాఁడు’, ‘ఊరనున్నాఁడు’ అనునవి మనకు వేఱువేఱు. కావున ‘సా వల్య’ యనుచో ‘ఇంట’ ననియు, నూళ్ళపేళ్ళయెడ ‘ఊరు’ అనియు వ్రాసి, యీ రెంటికి మూలము నొక్కటియే యని పీఠికయందుఁ దెలుపుట మేలు. మూలమున నొక్కటియైన పదమును రెండు చేయక తప్పని యనువాదకుఁడు, ఆ రెండును నొకటియే యని చదువరికిఁ జెప్పవలసిన ఋణము గలవాఁడు. విజ్ఞులు విచారింతురు గాక.