రెండు చేతులు, ఒక గొంతు

బ్యాండు లేదు, ఆర్కెస్ట్రా లేదు. 1969లో వచ్చిన ‘నీనా సిమోన్ అండ్ పియానో!’ ఆల్బమ్‌లో ఈ అమెరికన్ గాయని తానే వాయించింది, తానే పాడింది. పేరు చివరి ఆశ్చర్యార్థకం వాళ్లు పెట్టిందే. నేనైతే రెండు పెట్టేవాణ్ని.

వాయిస్తూ పాడటం తేలికని చాలామందికి భ్రమ. మామూలుగా పాట వేళ్లను లాక్కుపోతుంది. గొంతు ఏది పాడితే కుడిచెయ్యి అదే వాయిస్తుంది, ఎడమచెయ్యి కార్డులు (కలిపి మోగించే స్వరగుచ్ఛాలు) వేస్తూ కూర్చుంటుంది. నీనా దగ్గర ఆ వెట్టిచాకిరీ లేదు. గొంతుది ఒక దారి, రెండు చేతులవీ చెరో దారి. అయినా ఎక్కడ కలవాలో అక్కడ కలుస్తాయి. పాశ్చాత్యులు కౌంటర్‌పాయింట్ అనే ఈ విద్య ఆమెకు జర్మన్ స్వరకర్త బాఖ్ పెట్టిన భిక్ష. చిన్నప్పుడు మ్యూరియెల్ మజ్జనోవిచ్ అనే టీచరమ్మ బాఖ్‌ను ఆమె వేళ్లకు పట్టించింది. తొలి ఆల్బమ్‌లోని ‘లవ్ మీ ఆర్ లీవ్ మీ’ వినండి: ప్రేమపాట మధ్యలో ఉన్నట్టుండి బాఖ్ దిగివస్తాడు, లయ మాత్రం చెక్కుచెదరదు. ‘లిటిల్ గర్ల్ బ్లూ’లో అయితే వేళ్ల కింద ఒక క్రిస్మస్ పాట, గొంతులో ఇంకో పాట! చేతనైనవాళ్లు చేసి చూపించమనండి.

ఇక జానపదం ఆమెకు పుట్టుకతో వచ్చింది. 1933లో నార్త్ కరోలినాలోని ట్రయాన్‌లో పుట్టింది, తల్లి మెథడిస్ట్ ప్రబోధకురాలు, చిన్నప్పుడే చర్చిలో పియానో వాయించింది. 1927లో బ్లైండ్ విల్లీ జాన్సన్ గిటార్‌తో రికార్డు చేసిన ‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’ను ‘అండ్ పియానో!’ ఆల్బమ్‌లో అందుకుంటే ఆ చర్చి ఊపంతా పియానోలోకి వచ్చేస్తుంది. రాండీ న్యూమన్ రాసిన వానపాట దగ్గర అవే చేతులు వెనక్కి తగ్గుతాయి. మోగిన స్వరం ఆరిపోయేదాకా ఆగడానికి గుండెనిబ్బరం కావాలి.

శాస్త్రీయ పియానో నేర్చుకుందామంటే 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత ఇన్‌స్టిట్యూట్ ఆమెను చేర్చుకోలేదు. ఒంటి రంగే కారణమని ఆమె నమ్మింది. 1954లో పియానో వాయించడానికి వెళ్తే అట్లాంటిక్ సిటీ బారు యజమాని పాడితేనే ఉద్యోగం అన్నాడు. ఆ గొంతు మనకు దక్కింది అలా! కర్టిస్ వాళ్లు గౌరవ పట్టా ఇచ్చింది 2003లో, ఆమె చనిపోవడానికి రెండు రోజుల ముందు. జాజ్ గాయని అనే ముద్ర ఆమెకు నచ్చేది కాదు, తనది నల్లవారి శాస్త్రీయ సంగీతం అనేది. నా ఓటూ దానికే.

ఇప్పుడు ‘పియానో, వోకల్’ పేరిట వస్తున్న సరుకు వింటే ఒళ్లు మండుతుంది. పెడల్ తొక్కిపట్టి నాలుగు కార్డులు తిప్పితిప్పి కొట్టడం, దానిమీద గుసగుసలు పోవడం, పైగా జానపద-శాస్త్రీయ సమ్మేళనమని బిరుదు తగిలించుకోవడం! పల్లెబాణీ కింద కార్డులు పరిస్తే సమ్మేళనమా? చెయ్యి గొంతుతో ఒక్కసారైనా విభేదించిందా? నీనా గొంతునే ముక్కలు కోసి డ్యాన్స్ బీటుకు అతికించేవాళ్లు ఇంకోరకం. ఆమె ఆగిన చోటల్లా వాళ్లు డ్రమ్ము కూరుతారు.

దయచేసి అసలుదే వినండి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు, ఎడమచెయ్యి సగం వినపడదు.