కుడివంత, ఎడమవంత

మా అమ్మమ్మ కథ చెప్పాలంటే ఒక్కటే షరతు: ఊఁ కొట్టాలి. ఏడు చేపల కథైనా, బాలనాగమ్మ కథైనా, మధ్యలో ఊఁ ఆగిందంటే ఆవిడా ఆగేది. "నిద్రపోయావట్రా?" అని ఒకసారి అడిగి, జవాబు రాకపోతే అటు తిరిగి పడుకునేది. మేం మెలకువగా ఉన్నామో లేదో చూసుకోవడానికే ఆ షరతు అని చాలాకాలం అనుకున్నాను. బందరు కాలవ పక్కనున్న మా ఊళ్ళో, కుప్పనూర్పిళ్ళు అయిపోయిన కళ్ళంలో మొదటిసారి బుర్రకథ చూసిన రాత్రి నాకు అసలు సంగతి అర్థమైంది.

రెండు బళ్ళు జతచేసి, పైన చెక్కలు పరిచి కట్టిన వేదిక. చెరో పక్కా ఒక పెట్రోమాక్సు లైటు. మధ్యలో మోకాళ్ళ దాకా అంగరఖా, నడికట్టు, తురాయి పెట్టిన తలపాగా, కాళ్ళకు గజ్జెలు కట్టిన మనిషి. భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. అతనికి అటొకరు ఇటొకరు, చేతుల్లో డక్కీలతో కొంచెం ముందుకు వంగి నిలబడ్డారు. కథ మొదలైంది. మధ్యనున్నవాడు ఒక మాట అనడం, అటూ ఇటూ ఉన్నవాళ్ళు అందుకోవడం. అమ్మమ్మ మా దగ్గర అడిగి తీసుకునే ఊఁ ఇక్కడ తలపాగా చుట్టుకుని, వాయిద్యం పట్టుకుని వేదికెక్కిందే అనిపించింది. కథ చెప్పేవాడు ఒక్కడైతే వినేవాళ్ళు ఇద్దరు. వాళ్ళు వినకపోతే ముందుకు కదలని కథ అది.

మధ్యనున్నవాడు కథకుడు. పక్కనున్నవాళ్ళు వంతలు. వంత పాడటం, తానా అంటే తందానా అనడం వంటి మాటలు మనకు రోజూ వాడుకలో ఉన్నాయి. కాకపోతే వాటిని మనం ఎత్తిపొడుపుగానే వాడతాం: సొంత బుద్ధి లేనివాడు, పెద్దవాడేమంటే అదే అనేవాడు అని. బుర్రకథ వంతను దగ్గరగా చూసినవాళ్ళెవరూ అలా అనరు. ఈ కళలో సగం బరువు మోసేది అతనే. ఈ వ్యాసం రాయాలనుకోవడానికి ముఖ్య కారణం కూడా అతనే.

ముందు పేరు సంగతి. తంబురకు అడుగున ఉండే డొల్ల బుర్రనుబట్టి బుర్రకథ అయింది. తందాన కథ అనీ, జంగం కథ అనీ కూడా అంటారు. పాతరోజుల్లో జంగాలు ఊరూరా తిరిగి చెప్పిన కథలే దీనికి మూలం. జంగం తంబుర పట్టుకుని కథ నడిపితే ఇంటి ఆడవాళ్ళు వంత పాడేవాళ్ళు. బొబ్బిలి కథ, కామమ్మ కథ, కాంభోజరాజు కథ, దేశింగురాజు కథ, సర్వాయి పాపని కథ రాత్రులకు రాత్రులు సాగేవి. వంతలు వాయించేదాన్ని ఒకచోట డక్కీ అంటారు, ఇంకోచోట గుమ్మెట, మరోచోట బుడికె. మట్టివీ ఉన్నాయి, ఇత్తడివీ ఉన్నాయి.

వంత మొదటి పని కథకుడికి ఊపిరి ఇవ్వడం. రెండు మూడు గంటలు నిలబడి, గజ్జెలతో అడుగులేస్తూ, గొంతెత్తి పాడే మనిషికి గాలి పీల్చుకునే వ్యవధి కావాలి. చరణం చివర వంతలు తందాన తాన అందుకున్నారంటే ఆ రెండు ఆవర్తాల్లో అతను ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం తలుచుకుంటాడు, జనం మొహాలు చూస్తాడు. వెనక వరసలో పిల్లలు గోల చేస్తున్నారా, ముందున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంటోందా చూసి, తర్వాతి ఘట్టం పెంచాలో తుంచాలో అప్పుడే తేల్చుకుంటాడు. మైకులు లేని రోజుల్లో వంతలకు ఇంకో పని కూడా ఉండేదని నా నమ్మకం. ఒక గొంతు అన్న మాటను వెంటనే రెండు గొంతులు తిరిగి అంటే గడ్డివామి మీద కూర్చున్నవాడికి కూడా ఆ మాట చేరుతుంది.

రెండో పని ఇంతకంటే పెద్దది. కుడిపక్క నిలబడేవాణ్ణి రాజకీయ వంత అంటారు, ఎడమపక్కవాణ్ణి హాస్య వంత. కుడివంత లోకం సంగతులు ఎత్తుతాడు, న్యాయాన్యాయాలు అడుగుతాడు. ఎడమవంత నవ్విస్తాడు. బొబ్బిలి యుద్ధమే తీసుకోండి. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి కోట మీదికి వెళ్ళాడు. కథకుడు ఈ సంగతి వీరావేశంతో చెబుతుంటే కుడివంత డక్కీ ఆపేస్తాడు.

"ఆగన్నా. పక్క కోటవాడి మీద కోపముంటే సముద్రాల అవతలినుంచి వచ్చినవాడి ఫిరంగి తెచ్చుకున్నాడా?"

"తెచ్చుకున్నాడు తమ్ముడూ."

"మరి కోట కూలాక ఆ ఫిరంగి ఎటు తిరుగుద్ది?"

ఎడమవంత అందుకుంటాడు: "నాకు తెలుసన్నా. మా ఊళ్ళో గట్టు తగాదాకి పొరుగూరి మోతుబరిని పిలిచారు. ఇప్పుడు గట్టూ ఆయనదే, చేనూ ఆయనదే."

ఈ మాటలు నేను కల్పించి రాసినవే కానీ వాటి తీరు మాత్రం అచ్చంగా ఇదే. రెండొందల అరవై ఏళ్ళ కిందటి యుద్ధం మూడు మాటల్లో మన ఊరి గట్టు మీదికి వచ్చేస్తుంది. జనం నవ్వుతారు. నవ్వు సద్దుమణగకముందే కథకుడు తంబుర మీటి యుద్ధంలోకి తీసుకుపోతాడు. ఆ నవ్విన గుండెల మీద తర్వాత వచ్చే కరుణ ఇంకా లోతుగా దిగుతుంది. వరసగా గంటసేపు ఏడిపిస్తే ఎవరూ ఏడవరని ఈ కళాకారులకు తెలుసు.

సంగీతం సంగతి చూస్తే, పైకి కనిపించేది చాలా తక్కువ. తంబుర శ్రుతి పట్టి ఉంచుతుంది. అందెలు లయను గుర్తుచేస్తాయి. రాగాలాపనకు చోటు కొద్దిగానే. పనితనమంతా నడకల్లో ఉంది. ద్విపద, మంజరి, దరువులు, రగడలు, మధ్యలో లయ తప్పకుండా పరిగెత్తే వచనం. రగడల్లో వృషభగతి అని ఒకటుంది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు కలిసి ఏడు. అలాంటి ఏడులు నాలుగైతే ఒక పాదం. తకిట తకధిమి, తకిట తకధిమి అని నోటితో అనుకుంటూ నడిచి చూడండి. ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు పొడుగ్గా పడుతుంది. బరువు లాగే ఎద్దు మెడ ఊపుతూ నడిచే నడక అది. వృషభగతి అని ఆ పేరు పెట్టినవాడు ఎద్దుల వెనక నడిచినవాడే అయ్యుంటాడు. ఎడ్లతో బతికిన డెల్టా రైతుకు ఆ లయ ఎవరూ నేర్పక్కర్లేదు.

నడక మారిందంటే కథలో చోటు మారిందని అర్థం. నాలుగు మాత్రల సూటి నడకలో సైన్యం కదులుతుంది. తల్లి బిడ్డను సాగనంపే చోట డక్కీలు సన్నగిల్లి ఒక్క తంబుర మాత్రం మిగులుతుంది. కొత్త కథ రాసే కవి కొత్త రాగాల కోసం వెతుక్కోడు. తన కథలో ఏ ఘట్టానికి ఏ నడక నప్పుతుందో, ఎక్కడ తెంచాలో, ఏ మాట మీద వంత అందుకోవాలో చూసుకుంటాడు. ఆ కూర్పే అతని సొంత సంగీతం. తెలిసిన వరసలో తెలియని మాట విన్నప్పుడు జనానికి ఆ మాట ఒక్కసారికే నోటికొచ్చేస్తుంది.

తంబుర చేసే ఇంకో పని కూడా చెప్పాలి. పౌరుషం వచ్చినచోట అది కత్తి అవుతుంది, గుర్రపు కళ్ళెం అవుతుంది, ఎత్తి పట్టుకుంటే జెండా అవుతుంది. ఛత్తీస్‌గఢ్ కథాగానం పాండవానీలో తీజన్‌బాయి చేతి తంబుర భీముడి గదగా మారడం చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. అక్కడా పక్కన ఊఁ కొట్టే మనిషి ఒకరుంటారు. మన హరికథ దారి వేరు. ఆదిభట్ల నారాయణదాసు తీర్చిదిద్దిన ఆ కళలో చిడతలు పట్టిన ఒక్క మనిషే కథకుడూ, పాత్రలూ, పండితుడూ. అందులో పాండిత్యానికి పెద్దపీట. బుర్రకథలో పెద్దపీట అడిగేవాడికి.

అందుకే 1940లలో దేశానికి చెప్పాల్సిన కొత్త మాటలు పుట్టినప్పుడు ఉద్యమకారులు ఈ కళనే ఎంచుకున్నారు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. మరుసటేడు మార్చిలో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ కాలంలో కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో రాజులూ రాణులూ దిగిన వేదికల మీదికి కూలివాడు, కౌలు రైతు ఎక్కారు. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' బుర్రకథ రాశారు. ఆ కథలను తన గొంతుతో తెలుగునాడంతా మోసినవాడు షేక్ నాజర్.

కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న పుట్టాడాయన. దూదేకుల వృత్తి చేసే పేద కుటుంబం. తర్వాత తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. ఎవరో తక్కువ చేసి పిలిచే మాటను తలెత్తుకుని పుస్తకం మీద వేసుకున్న ఆ ధైర్యం నాకెంతో ఇష్టం. పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు, బెంగాల్ కరువు గురించి చెప్పాడు. సంగీతం శ్రద్ధగా నేర్చుకున్న గొంతు, నాటకాల్లో నలిగిన శరీరం, ఈ రెండూ కలిసి జంగం కథను బుర్రకథగా మార్చేశాయి. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో తీసిన 'పుట్టిల్లు' సినిమాలోనూ ఆయన బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పుకోవాలి. జంగం కథలో వాళ్ళు వంతలు. ఉద్యమకాలంలో వాళ్ళే తంబుర అందుకుని మధ్యలో నిలబడ్డారు. బుర్రకథ చెప్పిన తొలితరం స్త్రీలలో మోటూరి ఉదయం పేరు ముందు వినిపిస్తుంది. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ ప్రజానాట్యమండలి పాటలు పాడుతూ ఊళ్ళు తిరిగారు. ఆమె 'నిర్జన వారధి' చదివితే ఆ తిరుగుడు వెనక ఎంత కష్టముందో తెలుస్తుంది. ఇల్లు దాటి, గజ్జె కట్టి, పదిమందిలో గొంతెత్తడం ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకు ఎంత పెద్ద అడుగో ఇవాళ ఊహించుకోవడం కష్టం.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలయ్యాక బుర్రకథ ఇళ్ళలోకి వచ్చింది. రేడియోలో తంబుర కత్తి కాలేదు, తురాయి కనిపించలేదు. మిగిలినవి మూడు గొంతులే. అయినా కథ రక్తి కట్టిందంటే అది వంతల చలవ. ఎవరు చెబుతున్నారో, ఎవరు అడుగుతున్నారో, ఎవరు నవ్విస్తున్నారో గొంతునుబట్టి మాకు ఇట్టే తెలిసేది.

స్వాతంత్ర్యం వచ్చాక కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, పొదుపు, ఇలా ప్రభుత్వం చెప్పదలచిన మాటలన్నిటికీ బుర్రకథే వాహనమైంది. కళాకారులకు నాలుగు మెతుకులు దొరికాయి, సంతోషం. కళకు మాత్రం ఒక దెబ్బ తగిలింది. ముందే రాసిచ్చిన మాటలకు వంత తలాడించడమే మిగిలింది. కొన్నేళ్ళ కిందట విజయవాడలో ఒక సభలో చూశాను. దళం వేషం కట్టి గంటసేపు ఎదురుచూసింది. తీరా వేదికెక్కబోతుంటే నిర్వాహకుడొకాయన వచ్చి పది నిమిషాల్లో ముగించమన్నాడు. ప్రశ్నలూ జోకులూ తీసేసి కథ మాత్రం చెప్పమన్నాడు. వాళ్ళు అలాగే చెప్పారు. కుడివంత పది నిమిషాలూ తందాన తాన తప్ప ఒక్క మాట అనలేదు. దిగి వచ్చాక డక్కీని గుడ్డలో చుట్టుకుంటుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

పాత కథలు దాచుకోవాలి, ఒప్పుకుంటాను. దాచుకుంటే చాలదని నా పట్టుదల. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్ళలో మునిగింది. మేడల మీద రోజుల తరబడి నీళ్ళ మధ్య నీళ్ళ కోసం ఎదురుచూసిన జనం ఈ ఊళ్ళో ఉన్నారు. ఆ కథ కథకుడి కోసం చూస్తోంది. వాగు దారిలో ఇళ్ళెలా లేచాయని కుడివంత అడగాలి. బెజవాడ వెటకారమంతా ఎడమవంత నోట రావాలి. ఏ ఘట్టం ఏ నడకలో వెళ్ళాలో అది రాసే పిల్లలు తేల్చుకుంటారు. ఘంటసాల పేరుమీద సంగీత కళాశాల ఉన్న ఊరిది. తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉన్న ఊరిది. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు డక్కీలు దొరకని ఊరు కాదు.

మా కళ్ళంలో రెండో రాత్రి జరిగింది చెప్పి ఆపేస్తాను. ముందురోజు మంచులో పాడి పాడి కుడివంత గొంతు పోయింది. కథ యుద్ధంలోకి వచ్చేసరికి ఆయన నోరు తెరిచినా గాలి తప్ప శబ్దం రావడం లేదు. డక్కీ మాత్రం వాయిస్తున్నాడు. కథకుడు చరణం ముగించాడు. అందుకోవాల్సిన చోట ఎడమవంత గొంతు ఒక్కటే సన్నగా వినిపించింది. అప్పుడు ముందు వరసలో గోనెపట్టా మీద కూర్చున్న మా అమ్మమ్మ తందాన తాన అందుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు కలిపారు. తర్వాతి చరణానికి గడ్డివామి మీది పాలేర్లు, మేము, కళ్ళమంతా కలిసింది. కథకుడు మా వైపు తిరిగి, తంబుర ఒకసారి పైకెత్తి, యుద్ధం నడక పెంచాడు.