రెండు ఊళ్ళలో తొలిరోజు

వియన్నాలో రైలు దిగి మెట్రో స్టేషన్లోకి వెళ్ళాను. టికెట్ చూపించాలని మనిషి కోసం వెతికాను. మనిషి లేడు, అడ్డుగేటు అంతకన్నా లేదు. ఒక చిన్న పెట్టె ఉంది, టికెట్ అందులో దూర్చి మనమే ముద్ర కొట్టుకోవాలి. దాని ముందు నిలబడితే నాకు పాడేరు నుంచి జి.మాడుగుల వెళ్ళిన జీపు గుర్తొచ్చింది. అక్కడా ఎక్కేటప్పుడు ఎవరూ డబ్బులడగలేదు, దిగాక ఇచ్చాను. ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా దిగినవాణ్ణి రెండు ఊళ్ళూ మొదటి గంటలోనే నమ్మాయి.

వియన్నా నమ్మింది నియమాన్ని. జి.మాడుగుల అయితే మనిషిని నమ్ముతుంది, అందుకే ముందు ఆ మనిషెవరో తెలుసుకోవాలనుకుంటుంది. జీపులో పక్కన కూర్చున్న ముసలమ్మ, ముక్కుకు మూడు ముక్కెరలు, ఒళ్ళో పసుపుకొమ్ముల మూట, నన్ను తేరిపార చూసి "ఏ ఊరు బాబూ? ఎవరింటికి?" అంది. ఎవరింటికీ కాదు, ఊరు చూడ్డానికంటే ఆమెకు జాలేసింది. వియన్నాలో సాయంత్రం దాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దాన్ని మొహమెరగనితనమని చాలామంది తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. దుకాణంలోకి అడుగుపెట్టగానే "గ్రూస్ గాట్" అని పలకరించి, ఆ తర్వాత మన దారిన మనల్ని వదిలేయడం కూడా మర్యాదే. ఒంటరిగా తిరగాలని వెళ్ళినవాడికి అది పెద్ద ఊరట. అయితే చీకటి పడ్డాక, ఆఖరి జీపు వెళ్ళిపోతోందని కేకేసి పిలిచింది మాత్రం జి.మాడుగులే.

మాడుగుల అనగానే హల్వా అడిగే మిత్రులకు ఒక మాట. ఆ మాడుగుల కొండ కింద. ఘాట్ రోడ్డెక్కి పాడేరు దాటాక వచ్చే ఈ మాడుగుల గంగరాజు మాడుగుల.

తొలిరోజు ఏ వారమన్నది రెండుచోట్లా ముఖ్యమే. వియన్నాలో ఆదివారం దిగితే దుకాణాలు దాదాపు అన్నీ మూత, నాష్‌మార్క్ట్ బజారుతో సహా. అలాగే సంత లేని రోజు వెళ్తే జి.మాడుగుల సగమే కనిపిస్తుంది. సంతనాడు చుట్టుపక్కల గూడేలన్నీ కొండ దిగి వస్తాయి. రాజ్‌మా, అల్లం, చింతపండు, అడ్డాకులు నేలమీదే కుప్పలు పోస్తారు.

కాఫీ దగ్గర రెండు ఊళ్ళూ ఎదురెదురు కొసల్లో నిలబడతాయి. వియన్నాలో 1876లో మొదలైన కేఫ్ సెంట్రల్ వంటి చోట్ల ఒక్క కప్పుతో పూటంతా కూర్చోవచ్చు. కర్రకు బిగించిన దినపత్రికలు చేతికిస్తారు. ఆ కాఫీహౌస్ సంస్కృతిని ఆస్ట్రియా 2011లో తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. మన మన్యంలో సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించి, కాఫీ పండిస్తారు. నవంబరు నుంచి ఎర్రపళ్ళు ఒక్కొక్కటే చేత్తో కోస్తారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు కాఫీ దుకాణం వెలిసింది. అయితే నేను పొద్దున్నే వెళ్ళిన తోటవాళ్ళ ఇంట్లో పొయ్యి మీద ఉన్నది చోడి అంబలి. అదే నాకూ పోశారు, ఇష్టంగా తాగాను.

ఇక నీళ్ళు. వియన్నాలో కాఫీ చిన్న వెండిరంగు పళ్ళెంలో వచ్చింది, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు, గ్లాసు మీద బోర్లించిన చెంచా. ఆ నీళ్ళు ఆల్ప్స్‌లోని రాక్స్, ష్నేబెర్గ్ కొండల ఊటల నుంచి వస్తాయి. వాటిని తెచ్చే కాలువను 1873లో ప్రారంభించారు, 1910లో రెండోది తెచ్చారు. వాలు మీదే, మోటారు లేకుండా ఊరిదాకా దిగుతాయి. మన కొండల్లోనూ అలాగే. పై ఊట దగ్గర తొట్టి కట్టి గొట్టం వేస్తే నీళ్ళు వాటంతటవే గూడెంలోకి దిగుతాయి. గ్రావిటీ పైపంటారు. అంబలికి ముందు ఆ ఇంటావిడ నాకిచ్చిన చెంబుడు నీళ్ళూ కొండ ఊటవే. వియన్నా గ్లాసులోనూ ఈ చెంబులోనూ అదే చల్లదనం, అదే రాతి రుచి. నీళ్ళిచ్చి మనిషిని కూర్చోబెట్టే పద్ధతీ ఒకటే. వియన్నాలో అది కాఫీతో వచ్చింది, ఇక్కడైతే నా పేరు అడక్కముందే వచ్చింది.

తేడా ఒక్కటే, అదే నన్ను బాధిస్తోంది. ఆ చెంబులో నీళ్ళు ఆవిడ బిందె నెత్తిన పెట్టుకుని గట్టు దిగి తెచ్చినవి. ఊట కనుచూపు మేరలోనే ఉంది, గొట్టం లేదు. దూరాన ఉన్న కొండ నీళ్ళను ఒక నగరం నూటయాభై ఏళ్ళ కిందటే ఇంటికి తెచ్చుకుంది. ఊట పక్కనే ఉన్న గూడేనికి ఒక తొట్టి, ఒక గొట్టం వేయించండి. జి.మాడుగుల జలపాతాలు చూసి వచ్చేవాళ్ళంతా ఈ మాట పాడేరు కార్యాలయాల్లో గట్టిగా అడగాలని నా విన్నపం.